లారెల్ సందులో ఉతుకుతున్నదెవరు

చీకటి పడిందంటే లారెల్ సందులో ఆరో నంబరు ఇంటి వైపు ఎవరూ అడుగు వేసేవాళ్ళు కాదు.

ఇల్లంటే ఇల్లేం కాదు. యుద్ధంలో, మే నెలలో పడిన బాంబు ముందు సగాన్ని మింగేసి వెనక సగాన్ని వదిలేసింది. మెట్లు పైకి వెళ్ళి, ఆకాశంలో ఆగిపోయేవి. మేడగది గోడకి పువ్వుల కాగితం ఇంకా అంటుకునే ఉంది. గాలి వీచినప్పుడల్లా అది ఎవరో నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు కదిలేది. పెరట్లో బట్టలుతికే గది మాత్రం చెక్కు చెదరలేదు. ఇటుకల్లో పొదిగిన రాగికాగు, దాని కింద పొయ్యి, పక్కన తడిబట్టలు పిండే రోలర్ల చక్రం... అన్నీ ఎక్కడివక్కడే.

ఆ చక్రమే, రాత్రిళ్ళు తిరిగేది.

కిర్... కిర్... కాసేపు ఆగేది. నీళ్ళు కారిన చప్పుడు. మళ్ళీ — కిర్...

బాంబుల రాత్రుల్లో వీధి కాపలా కాసే వార్డెన్ ట్రిప్ పిరికివాడు కాదు. బాంబులు పడ్డ రాత్రుల్లో కూలిన ఇళ్ళలోంచి మనుషుల్ని చేతులతో తవ్వి తీసినవాడు. ఆగస్టులో ఒక రాత్రి అతను గస్తీ తిరుగుతూ ఉంటే ఆ గది తలుపు కింద ఎర్రటి వెలుతురు కనపడింది. ఊరంతా దీపాలార్పుకుని కూర్చున్న రోజులు. అగ్గిపుల్ల గీసినా నేరమే.

"లోపల ఎవరది? మంట ఆర్పండి," అని అరిచాడు.

వెలుతురు ఆరిపోయింది. మనిషి మాత్రం బయటికి రాలేదు. పావుగంట నిలబడ్డాడు. తలుపు అవతల ఎవరో తడిచేతులు ముందుగుడ్డకి తుడుచుకున్నట్టు చప్పుడు... అంతే. ట్రిప్ వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత అతని గస్తీ నాలుగో నంబరు దగ్గరే ఆగిపోయేది.

"ఎల్సీ ఉతుకుతోంది," అనేవాళ్ళు ఆడవాళ్ళు, గుమ్మాల్లో నిలబడి గొంతు తగ్గించి. "బతికుండగా ఉతికింది చాల్లేదు దానికి."

ఎల్సీ కూతురు ఎనిడ్‌కి పదకొండేళ్ళు. ఆ మాటలన్నీ ఆ పిల్లకి వినపడేవి. వాళ్ళు గొంతు తగ్గించేది తను వినకూడదని కాదు, ఆగి మరీ వినాలని. ఆ సంగతి ఎనిడ్‌కి తెలుసు.

మా హెజిల్ రోడ్డు చేపలోళ్ళ వాడలో ఒక కట్టడి ఉంది. మగవాడు సముద్రానికి బయల్దేరిన రోజు ఇంట్లో బట్టలు ఉతక్కూడదు. ఉతికితే మురికితో పాటు మనిషీ కొట్టుకుపోతాడు. వెళ్ళేవాడికి చెయ్యి ఊపకూడదు, రేవు దాకా వెళ్ళి సాగనంపకూడదు. ఇవి ఏ కాగితం మీదా లేవు. కానీ కాగితం మీది చట్టాలకన్నా గట్టివి. యుద్ధం వచ్చి చేపల పడవల్నే మైన్లు ఏరే పడవలుగా మార్చేశాక మరీ గట్టిపడ్డాయి. ఎందుకంటే ఇప్పుడు సముద్రం ఒక్కటే కాదు, సముద్రంలో తగిలితే పేలే ఇనుప గుండ్లు కూడా కాచుకుని ఉన్నాయి. మనిషి చేతిలో ఏమీ లేనప్పుడు సబ్బుముక్క కూడా పెద్దదై కూర్చుంటుంది.

ఫిబ్రవరిలో ఎనిడ్ నాన్న వాల్టర్ రెండు రోజుల సెలవు మీద ఇంటికొచ్చాడు. రెండో రాత్రి సైరన్ మోగింది. తెల్లవారుజామున ఆయన లార్క్‌స్పర్ పడవ ఎక్కడానికి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక ఎనిడ్ దుప్పట్లోంచి లేవలేదు. ఎల్సీ వచ్చి దుప్పటి ఎత్తి చూసింది.

తడి.

పదేళ్ళ పిల్ల. చంటిపిల్లలా పక్క తడిపేసింది.

"అమ్మా... ఎవరికీ చెప్పకు," అంది ఎనిడ్.

"ఏం చెప్పాలే? నేనేం చూళ్ళేదుగా," అంది ఎల్సీ.

ఇంట్లో ఉన్నవి రెండే దుప్పట్లు. రెండోది అంతకు ముందు రాత్రే తడిసింది. ఎల్సీ కాసేపు కాగు వైపు చూస్తూ నిలబడింది. తర్వాత పొయ్యి వెలిగించింది.

మూడో నంబరు ఇంటి నెల్లీ చక్కెర బదులడగడానికి వెనక తలుపులోంచి వచ్చింది. అప్పుడు దుప్పటి చక్రంలో సగం ఇటూ సగం అటూ ఉంది. నెల్లీ మొహం పాలిపోయింది. ఆమె తమ్ముడు లెన్ కూడా అదే పడవలో ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు.

"ఇవాళా? ఇవాళ ఉతుకుతున్నావా, ఎల్సీ?"

"మురికిగా ఉంది. ఉతికాను," అంది ఎల్సీ.

అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు. తలుపు వెనక ఎనిడ్ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. అమ్మ ఒక్కసారి అటు చూసింది, మళ్ళీ చక్రం తిప్పింది.

తొమ్మిదో రోజున లార్క్‌స్పర్ మైన్ మీదికి ఎక్కింది. పదకొండుమంది. ఒక్క శవమూ రాలేదు.

ఆ తర్వాత లారెల్ సందు ఎల్సీని ఎలా చూసిందో చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది. కొట్లో వరసలో నిలబడితే ముందువాళ్ళు ఒక అడుగు ముందుకి, వెనకవాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగేవాళ్ళు. బాంబుల నుంచి తలదాచుకునే వీధి షెల్టర్లో బెంచీ మీద ఆమె కూర్చోబోతే అందరూ గౌన్లు పరుచుకుని కూర్చునేవాళ్ళు. "చోటు లేదు," అనైనా అనేవాళ్ళు కాదు. గౌను పరుచుకోవడం, అంతే. ఎల్సీ రెండు రాత్రులు నిలబడింది. మూడో రాత్రి నుంచి కూతుర్ని షెల్టర్ గుమ్మం దాకా తీసుకొచ్చి, "నువ్వు లోపలికి పో. నీకు చోటుంటుంది," అని చెప్పి, తను ఇంటికి వెళ్ళి మెట్ల కింద పడుకునేది.

మే ఎనిమిదో తారీఖు రాత్రి కూడా అలాగే చెప్పి, ఆరో నంబరు ఇంటికి వెళ్ళి పడుకుంది.

తెల్లారాక రేడియోలో ఏమన్నారో తెలుసా? 'ఈశాన్య తీరంలో ఒక పట్టణం' మీద దాడి జరిగిందన్నారు. మా ఊరి పేరు హల్ అని చెప్పలేదు. శత్రువుకి తెలియకూడదట. బాంబు వేసినవాడికి ఎక్కడ వేశాడో తెలియదా? ఊరికి పేరు లేదు, ఊళ్ళో చచ్చినవాళ్ళకీ పేరు లేదు. ఎల్సీకి మాత్రం సందులో పేరుండిపోయింది — మొగుణ్ణి ఉతికేసిన ఆడది.

నెల వెనక నెల గడిచింది. ఎనిడ్ రెండో నంబరు ఇంట్లో నానమ్మ దగ్గర ఉండేది. మేలో గోడ విరిగి మీద పడ్డప్పటి నుంచీ నానమ్మ కాళ్ళు రెండూ దిమ్మల్లా వాచి ఉన్నాయి. మంచం నుంచి కిటికీ దగ్గరి కుర్చీ దాకా రావాలన్నా ఎనిడ్ భుజం కావాలి. నానమ్మ ఎల్సీ గురించి మంచీ అనేది కాదు, చెడ్డా అనేది కాదు. కొడుకు ఫొటోని గోడవైపు తిప్పి పెట్టుకుంది. అంతే.

సందులో ఆడపిల్లలు తాడాట ఆడుతూ ఒక పాట కట్టారు.

*ఎల్సీ ఎల్సీ ఉతుకుతావా*
*వాల్టర్ చొక్కా పిండుతావా*
*ఒకటి పిండితే ఒకడు పోయె*
*రెండు పిండితే ఇద్దరు పోయె...*

పదకొండు దాకా లెక్కపెట్టాలి. తాడు తగలకుండా పదకొండు దాకా గెంతినవాళ్ళు గెలిచినట్టు.

నెల్లీ కూతురు పెగ్గీకి ఐదేళ్ళు. లెక్క సరిగ్గా రాదు. ఏడు తర్వాత తొమ్మిది అనేది. అదీ పాడేది, బొటనవేలు నోట్లోంచి తీసి మరీ.

ఒకరోజు ఎనిడ్ తాడు లాక్కుని దాంతోనే ఇద్దరు పిల్లల్ని కొట్టింది. నెల్లీ గుమ్మంలోకి వచ్చి, "ఎవరి పోలికలు వస్తాయమ్మా మరి," అంది, ఎనిడ్‌తో కాదు, గాలితో.

ఎనిడ్ అప్పుడే అరిచి ఉండేది. ఆ దుప్పటి నాది, తడిపింది నేను, మా అమ్మ నా సిగ్గు కప్పడానికి ఉతికింది అని. నాలుక దాకా వచ్చేది. పాటలో ఎల్సీ పేరు బదులు ఎనిడ్ పేరు వినపడేది. నాలుక వెనక్కి పోయేది. అప్పుడు కోపం బయటివాళ్ళ మీంచి తిరిగి తన మీదికే వచ్చి పడేది. రాత్రిళ్ళు దిండు కొరుక్కునేది.

ఆ చక్రం చప్పుడు రెండో నంబరు ఇంటికి బాగా వినపడేది. కిర్... కిర్... ఎనిడ్‌కి ఆ చప్పుడంటే భయం లేదు. భయంకన్నా పెద్దది ఉంది. అమ్మ చచ్చిపోయాక కూడా నా దుప్పటే ఉతుకుతోందా? ఎన్ని నెలలుగా ఉతికినా ఆ మరక పోవడం లేదా?

అక్టోబరులో కబురొచ్చింది. ఆరో నంబరు ఇంటిని, ఉతికే గదితో సహా, సోమవారం పడగొట్టేస్తారట. ఆడవాళ్ళే వెళ్ళి అడిగారట. పీడ విరగడవుతుందని.

సోమవారమే నెల్లీ మొగుడు హ్యారల్డ్ కూడా సముద్రానికి బయల్దేరాలి. ఆదివారం సాయంత్రం నెల్లీ ఎప్పటిలాగే ఇంటింటికీ వచ్చింది.

"అర్ధరాత్రి దాటాక హ్యారల్డ్ వెళ్తున్నాడు. రేపంతా ఎవరూ నీళ్ళలో చేతులు పెట్టకండి. చేతిగుడ్డ కూడా వద్దు." రెండో నంబరు గుమ్మం దగ్గర ఆగి ఎనిడ్‌ని చూసింది. "మీ ఇంటికి మరీ చెప్పాలి."

నానమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఎనిడ్ ఆ రాత్రే నిశ్చయించుకుంది. గది పోయేలోపు అమ్మని చూడాలి. చూసి ఒక్క మాట చెప్పాలి.

తొమ్మిదింటికి సైరన్ మోగింది. పదకొండున్నరకి, ఇంక ప్రమాదం లేదని మళ్ళీ మోగింది. పన్నెండు దాటాక మూడో నంబరు తలుపు తెరుచుకుంది. హ్యారల్డ్ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నెల్లీ గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, పొరపాటున కూడా ఊపకుండా. బూట్ల చప్పుడు రోడ్డు చివర కరిగిపోయింది.

నానమ్మ గురక పెడుతోంది. ఎనిడ్ గౌను మీద నాన్న పాత కోటు తొడుక్కుని వెనక తలుపు తీసింది.

చంద్రుడున్నాడు. ఆ రోజుల్లో చంద్రుణ్ణి చూసి ఎవరూ మురిసిపోయేవాళ్ళు కాదు, బాంబులు వేసేవాళ్ళకి దారి చూపిస్తాడని తిట్టుకునేవాళ్ళు. అయినా ఆ పిల్లకి అందంగానే కనిపించాడు. పైకప్పుల మీద పలక రాళ్ళు చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి. కూలిన ఇంట్లో మెట్లు వెన్నెట్లోకి ఎక్కుతున్నాయి.

మట్టిదిబ్బ ఎక్కింది. దిగింది. పెరట్లో వానపీపా... పాత ఇనపమంచం... అమ్మ ఏప్రిల్లో నాటిన ఉల్లిపాయలు, ఎవరూ తవ్వనివి, పూలు పూసి ఎండిపోయాయి.

కిర్...

ఎనిడ్ ఆగింది.

కిర్... కిర్...

తలుపు కింద ఎర్రగా. అచ్చం ట్రిప్ చెప్పినట్టే. సబ్బు వాసన, దాని వెనకే బట్టల సోడా ఘాటు, ఇంకా... ఒక మెత్తటి పుల్లటి వాసన. ఆ వాసన ఎనిడ్‌కి బాగా తెలుసు.

చెయ్యి తలుపు మీద వేసింది. తలుపు వెచ్చగా ఉంది. తోసింది.

గదంతా ఆవిరి. ఆవిరిలో ఒక ఆడమనిషి. వీపు ఇటువైపు. తలకి గుడ్డ. గౌను చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి. అమ్మ కట్టుకునే గోనె ముందుగుడ్డే, కొక్కేనికి మే నెల నుంచీ వేలాడుతున్నదే, నడుముకి కట్టుకుని ఉంది.

"అమ్మా," అంది ఎనిడ్. ఐదు నెలల తర్వాత ఆ మాట పైకి అనడం అదే మొదలు. "అమ్మా... నేనే చెప్పేస్తాను. రేపు అందరికీ..."

చక్రం ఆగింది. మనిషి తిరిగింది.

నెల్లీ.

చేతిలో పొట్టి దుప్పటి, చంటిపిల్లల మంచం మీద పరిచేది.

ఒకరినొకరు చూసుకున్నారు. కాగులో నీళ్ళు కుతకుతమంటున్నాయి.

"అరవకు," అంది నెల్లీ గుసగుసగా. "తల్లీ... అరవకు."

"పెగ్గీదా?"

నెల్లీ తలాడించింది. "సైరన్ మోగినప్పుడల్లా అంతే. వాళ్ళ నాన్న వెళ్ళే రాత్రి మరీను. నేనేం చెయ్యను, తెల్లారితే పిల్లలు దాన్ని బతకనిస్తారా?"

"మీ ఇంట్లో కాగు లేదా?"

"మా గోడ పలచన. చక్రం తిప్పితే నాలుగో నంబరు వాళ్ళకి వినపడుతుంది. ఇక్కడైతే..." ఆగిపోయింది.

"ఇక్కడైతే?"

"ఇక్కడ ఏ చప్పుడైనా... మీ అమ్మ మీదికే పోతుంది కదా."

ఎనిడ్‌కి చెవుల్లో హోరు మొదలైంది. ఇంతకాలం ఆ పిల్ల నెల్లీని 'ఆంటీ, మీరు' అనే పిలిచేది. తల్లి నేర్పిన మర్యాద. ఆ క్షణాన అది కాస్తా ఊడిపోయింది.

"నువ్వు మనిషివేనా? హ్యారల్డ్ వెళ్ళి గంట కాలేదు. ఉతుకుతున్నావు. సాయంత్రం నా గుమ్మం ముందు నిలబడి చేతిగుడ్డ కూడా వద్దన్నావు."

"మెల్లిగా మాట్లాడు..."

"మా అమ్మా అందుకే ఉతికింది. ఆ దుప్పటి నాది. తడిపింది నేను."

నెల్లీ చేతిలోంచి దుప్పటి జారి తొట్టిలో పడింది. "ఎల్సీ ఆ మాట ఒక్కసారీ అనలేదే."

"అంటే నా మీద పాట కట్టేవాళ్ళుగా మీ పిల్లలు. అనలేదు. తన మీద కట్టించుకుంది."

"లెన్ నా తమ్ముడే, ఎనిడ్. నా చేతుల మీద పెరిగాడు. ఎవరో ఒకర్ని అనకపోతే నాకు పిచ్చెక్కిపోయేది."

"మైన్‌ని అనాల్సింది."

నెల్లీ తడిచేతులు ముందుగుడ్డకి తుడుచుకుంది.

"పొద్దున్న అందరి ముందూ చెప్పు," అంది ఎనిడ్. "ఇన్నాళ్ళూ ఇక్కడ ఉతికింది నువ్వేనని చెప్పు."

"చెబితే బెంచీ మీద నాకూ చోటుండదు. పెగ్గీని పట్టుకుని నేనెక్కడికి పోను?"

"ఎక్కడికీ పోనక్కర్లేదు. దాన్ని లోపలికి పంపించి నువ్వెళ్ళి మెట్ల కింద పడుకో. మా అమ్మ అలాగే చేసింది."

నెల్లీ చెంపదెబ్బ తిన్నట్టు గోడకి ఆనుకుంది. తనలో తను అనుకుంటున్నట్టు, "మీ నానమ్మకైనా నా మీద జాలుందనుకున్నాను... ప్రతిసారీ నీళ్ళు కాచి ఉంచుతుంటే..." అంది.

ఆ మాట ఎనిడ్ చెవిన పడింది గానీ బుర్రలోకి దిగలేదు. కోపం ముందు మాటలు నిలవవు. తొట్టిలోంచి దుప్పటి లాగి తనే చక్రంలో పెట్టి తిప్పింది. రెండు చేతులతో, బలంకొద్దీ, చప్పుడు సందంతా వినపడేలా. పిండి, భుజాన వేసుకుంది.

"ఏం చేస్తావు దాన్ని?" అంది నెల్లీ.

"ఆరేస్తాను."

మట్టిదిబ్బ మీదికెక్కి వెనక్కి చూసింది. నెల్లీ చెంబుతో కాగులో నీళ్ళన్నీ తోడి పారబోస్తోంది. పొయ్యిలో నిప్పులు బయటికి లాగి వాటి మీద నీళ్ళు చల్లింది. బుస్సుమని ఆవిరి లేచింది. గది చీకటైపోయింది. నెల్లీ తలుపు మూసి గోడ నీడలోంచి ఇంటికి పోయింది.

తెల్లారేసరికి సందు మధ్యలో, ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన తాడు మీద, ఒక పొట్టి తెల్ల దుప్పటి ఆడుతోంది.

(హ్యారల్డ్ సంగతి మీరు కంగారు పడకుండా ముందే చెప్పేస్తాను. అతను పన్నెండో రోజున జలుబుతో తిరిగొచ్చాడు. అంతకుమించి ఏమీ కాలేదు. దాని గురించి సందులో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎల్సీ విషయంలో ఎనిమిది నెలలు ఆడిన నోళ్ళు అప్పుడు మాత్రం మూతపడ్డాయి.)

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గది కూలుతుంటే చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు దుప్పటి దగ్గరే ఆగిపోయారు.

"ఎవరిదది?"

"ఇవాళ హ్యారల్డ్ పడవ ఎక్కాడు. ఎవరికే ఇంత ఒళ్ళు బలుపు?"

"ఇంకెవరికి? అదిగో నిలబడిందిగా తాడు పక్కనే. తల్లి చాలక కూతురు."

ఎనిడ్ రాత్రంతా ఒకే మాట నోట్లో నానబెట్టుకుని కూర్చుంది. నెల్లీ. ఆ ఒక్క పేరు చెబితే చాలు. మూడో నంబరు గుమ్మంలో నెల్లీ నిలబడి ఉంది, మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమె గౌను వెనక పెగ్గీ. నోట్లో బొటనవేలు. దుప్పటినే చూస్తోంది. తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తోంది.

ఆ చూపు ఎనిడ్‌కి తెలుసు. ఫిబ్రవరిలో తలుపు వెనక నిలబడి తను చూసిన చూపే.

కోపం తగ్గలేదు. అలా అనుకోకండి. దారి మళ్ళింది, అంతే.

"వినండి," అంది ఎనిడ్. "ఫిబ్రవరిలో పక్క తడిపింది నేను. పదేళ్ళొచ్చి, సైరన్‌కి భయపడి, పక్క తడిపాను. మా అమ్మ ఆ దుప్పటి ఉతికింది. మీరు ఆమెకి బెంచీ మీద జానెడు చోటివ్వలేదు. ఇప్పుడు పాట పాడండి నా మీద. పదకొండు దాకా పాడండి. ఎవరు ముందు?"

తాడాట పిల్లలు తల్లుల వెనక్కి జరిగారు.

రెండో నంబరు కిటికీ పైకి లేచింది. "నేను నలభై ఏళ్ళు ఆ రోజున నీళ్ళు ముట్టుకోలేదు," అంది నానమ్మ, బొంగురుగా. "మొగుడూ పోయాడు. కొడుకూ పోయాడు."

ఎనిడ్ అటు తిరిగింది. "ఈ మాట మార్చిలో ఎందుకనలేదు, నానమ్మా?"

నానమ్మ తల వంచుకుంది.

అప్పుడు నెల్లీ గుమ్మం దిగింది. నడుచుకుంటూ వచ్చి తాడు దగ్గర, ఎనిడ్‌కి అవతలి పక్కన నిలబడింది. "ఈ దుప్పటి నాది," అంది. "రాత్రి నేనే ఉతికాను. జులై నుంచీ ఆ గదిలో ఉతుకుతున్నది నేనే. ఎల్సీ కాదు."

"నెల్లీ, హ్యారల్డ్ సముద్రం మీదున్నాడే..."

"నాకు తెలుసు ఎక్కడున్నాడో," అంది నెల్లీ. గుసగుస కాదు. అందరికీ వినపడేలా.

పలుగులు పట్టుకుని వచ్చిన కూలీలు ముగ్గురూ ఈ గొడవ తమది కాదన్నట్టు దుప్పటి కింద నుంచి వంగి ఆరో నంబరు పెరట్లోకి వెళ్ళారు. ఆడవాళ్ళు ఇంకా ఏమనాలో తేల్చుకోలేదు. అంతలోనే ముగ్గురూ వెనక్కి వచ్చారు, ముందు వాళ్ళ మేస్త్రీ. టోపీ చేతిలో ఉంది. మొహానికి చెమట.

"ఏమ్మా... పడగొట్టే గదిలో పొయ్యి వెలిగించిందెవరు? కాగు నిండా నీళ్ళు సలసల మరుగుతున్నాయి. ముట్టుకుంటే చెయ్యి ఊడిపోతుంది."

నెల్లీ తాడు పట్టుకుంది. "నేను ఖాళీ చేశాను," అంది. "నిప్పులు ఆర్పేశాను. నేను ఎప్పుడు వెళ్ళినా నీళ్ళు కాగే ఉండేవి... బొగ్గు నేనెప్పుడూ వెయ్యలేదు... మీ నానమ్మ పెడుతోందనుకున్నాను..."

ఎనిడ్ కిటికీ వైపు చూసింది. నానమ్మ వాచిన కాళ్ళు ముక్కాలిపీట మీద ఉన్నాయి. మే నుంచీ ఆ కాళ్ళు గుమ్మం దాటలేదు.

అప్పుడు దిగింది ఆ మాట బుర్రలోకి.

అమ్మ ఉతకడం లేదు. నీళ్ళు కాస్తోంది. తనకి చోటివ్వని మనిషి కూతురి కోసం, ప్రతి సైరన్ తర్వాతా, ఎవరూ అడక్కుండానే.

ఎనిడ్‌కి ఏడుపు రాలేదు. ఒళ్ళు భగ్గుమంది. అంత మంచిదానివి ఎందుకయ్యావమ్మా, ఈ మనుషుల మధ్య?

ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"విన్నారుగా. నీళ్ళు కాగాయి. ఇంకెవరి ఇళ్ళల్లో తడిసిన పక్కలున్నాయో తీసుకురండి."

సందులో పిల్లలు నేలచూపులు చూశారు. తల్లులు పిల్లల వైపు చూశారు.

తర్వాత, చివర, పదో నంబరు ఇంట్లో... ఒక తలుపు తెరుచుకుంది. ఒకావిడ చంకలో దుప్పటి చుట్ట పెట్టుకుని బయటికి వచ్చింది, ఎవరి మొహమూ చూడకుండా. ఆమె వెనక ఇంకొకరు.

కూలీలు ముగ్గురూ సందులోనే ఉన్నారు. నెల్లీ తాడు పట్టుకుని ఉంది. ఎనిడ్ దుప్పటి పక్కనే ఉంది.

ఆరో నంబరు పెరట్లో, ఖాళీ గదిలో, చక్రం ఒక్క చుట్టు తిరిగింది.

కిర్...